రాత్రి డ్యూటీ

జెఫెరీనో, ఇక నువ్వు రాత్రి రానక్కర్లేదని
నేనే చెప్పాను.
చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

ఒల్యావ్ రేవులో మా ఐసు ఫ్యాక్టరీ
నాన్న కాలం నుంచీ రాత్రిపూటే బతికింది.
ఊరు దీపాలార్పాక కరెంటు చవక.
రెండింటికి నువ్వొచ్చి మీట ఎత్తేవాడివి,
తెల్లారేసరికి సార్డీను పడవలకి
పాతిక కిలోల దిమ్మలు, పొగలు కక్కుతూ.

కరెంటు బిల్లులో మూడు గళ్ళు:
ఖాళీ వేళ, నిండు వేళ, మొన వేళ.
మొన, పేరుకు తగ్గట్టే గుచ్చుకుంటుంది.
ఆగస్టులో రాత్రి చేసిన ఐసు చాలదు,
పడవలు ఆగవు,
ఊరంతా పొయ్యి వెలిగించే సాయంత్రం
మేమూ కంప్రెసర్లు తిప్పి
నెల లాభమంతా ఆ ఒక్క గడిలో పోసేవాళ్ళం.

మార్చిలో బ్యాటరీ వచ్చింది.
ఉప్పు బస్తాల మూలలో నిలబెట్టారు,
తెల్లటి ఇనప బీరువా.
రాత్రంతా నిమ్మళంగా తాగుతుంది,
సాయంత్రం ఇచ్చేస్తుంది.
తాగినంతా ఇవ్వదు, నూటికి పది తన కూలి.
"అయితే నాకంటే చవకే" అన్నావు,
నవ్వకుండా.

కాగితం మీద లెక్కలు చూపించాను.
నువ్వు చూసింది నా వేలినే,
అది వణుకుతోందేమో అని.

నిజం చెప్పనా,
మనం మొదట్నుంచీ చేసిందీ అదే.
చవగ్గా దొరికిన చీకటిని గడ్డకట్టించి
ఖరీదైన పగటికి అమ్మడం.
ఐసు దిమ్మ కూడా బ్యాటరీయే.
కాకపోతే కారుతుంది,
భుజం తడుపుతుంది,
మోసినవాడి మోకాళ్ళలో చలి మిగిల్చి పోతుంది.

జీతం తగ్గించలేదు. పగటి డ్యూటీ.
ముప్ఫై ఒక్క ఏళ్ళకి నీకు ఇంట్లో రాత్రి.
మొన్న చేపల బల్ల దగ్గర గ్రసింద అంది:
"రెండింటికి లేస్తాడమ్మా. బూట్లు తొడుక్కుంటాడు.
వంటింట్లో కూర్చుని
ఫ్రిజ్ ఎప్పుడు మోగుతుందా అని చెవి ఒగ్గుతాడు."

నిన్న రాత్రి నాకూ కునుకు పట్టక వచ్చాను.
షట్టరు కింద సన్నటి వెలుగు.
ఉప్పు బస్తా మీద నువ్వు,
బీరువాకి వీపు ఆనించి.
లోపల ఫ్యాను తిరుగుతోంది.

"వెచ్చగా ఉంది" అన్నావు,
తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా.
"ఇన్నేళ్ళూ ఈ షెడ్డులో
వెచ్చగా ఉన్నదేదీ లేదు."

మీటరు వంక చూశాను.
ఖాళీ వేళ. ఇంకా మూడు గంటలుంది.
నేనూ ఓ బస్తా లాక్కున్నాను.