నీడన ఆరబెట్టినవి

వాలుగ చేప దవడతో దూది ఏకే చేతులివి.
పొందూరులో నా ఈడువాళ్లెవరికీ
ఈ బొటనవేలి మొద్దుతనం కొత్త కాదు.
ఆ వేలు వాచిందనే దాలమ్మ గుమ్మం ఎక్కాను.
పసరు రాసి, వేలు వదలకుండా నొక్కి చూసి
"నూలు తెగీముందే తెలుస్తాదా నీకు?" అంది.
తెలుస్తుందన్నాను.
"అయితే రేపు రా."

అది రోహిణి కార్తె. రైలు కట్ట పొడుగునా
గడ్డి కూడా బూడిద రంగు.
ఈ ఎండలో ఏం నేర్పుతుందీ ముసలమ్మ అనుకుంటుంటే
ఎండుపుల్ల విరిచి నా ముక్కు కింద పెట్టింది.
"పచ్చగున్నప్పుడు ఎవులైనా పోలుస్తారే గుంటా,
సచ్చినట్టున్నప్పుడు పోల్చు."
నెల రోజులు పుల్లలే.
సుగంధిపాల తీగ దగ్గర మాత్రం గునపం నాకిచ్చింది.
తవ్వుతూ తవ్వుతూ ఉంటే
మట్టిలోంచి ఒక్కసారి షర్బత్తు బండి వాసన.
"సగం తవ్వు, సగం ఒగ్గీ. మళ్లీ రావాల కదేటి."

ఆరుద్రలో వాన పడ్డాక నాకు పొగరెక్కింది.
అన్నీ తెలిసినవే అనిపించే పచ్చదనం.
నేల ఉసిరి అని కొంగునిండా తెచ్చి పోస్తే
ఒక్కో రెమ్మా వెనక్కి తిప్పింది.
ఆకుల కింద కాయల వరస లేదు.
తిట్టలేదు. కట్టంతా మేకకి వేసింది.
మేక కూడా తినలేదు.

ఉబాల రోజుల్లో, దీపాలు పెట్టే వేళ,
గవరయ్య కొడుకుని భుజాన వేసుకొచ్చారు.
మడిగట్టు మీద పాము. మడమ పైన రెండు గాట్లు.
నేను మందుల బుట్ట అందుకున్నాను,
ఆవిడ దగ్గర లేని ఆకుంటుందా?
నా చేతి మీద చెయ్యేసి ఆపింది.
"ఆకు కాదే, ఆటో. బేగి!"
కాలు కదపనివ్వలేదు, తాడు కట్టనివ్వలేదు,
ఎవరో కత్తి తెస్తే విసిరి పారేసింది.
సికాకోలు పెద్దాసుపత్రి దాకా
వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది
అరవై ఏళ్ల నాటువైద్యం.
తిరిగొచ్చాక, తెల్లారుజామున, నూతి దగ్గర
కాళ్లు కడుక్కుంటూ అంది:
"మా అయ్య పసరు పోసీవోడు.
ముగ్గురు బతికినారు.
మిగిలినోళ్ల పేర్లు నాకు నోటికొచ్చు."
పిల్లాడు ఎనిమిదో రోజున నడిచొచ్చాడు.
ఆ పేర్లు మాత్రం నేనింతవరకూ అడగలేదు.

హస్తలో గుంటగలగర.
రుబ్బింది నేనే, పిండింది నేనే,
ఇనప మూకుట్లో నువ్వులనూనె కలిపింది నేనే.
"సెవితో సూడు" అనేది.
లోపల తడి ఉన్నంతసేపే నూనె మాట్లాడుతుందట.
మర్నాటికి వేళ్లు నల్లబడ్డాయి.
ఖద్దరు సంఘంలో చిలపలు తూచే సన్యాసిరావు
నూలుని వెలుతురుకెత్తి మరక చూపించి
పద్దెనిమిది రూపాయలు కోశాడు.

పుష్యం మంచులో అతనే మోకాళ్లు పట్టుకుని వచ్చాడు.
వావిలాకు వేణ్ణీళ్లు నేనే కాచి పోశాను.
పద్దెనిమిది రూపాయల మాట ఇద్దరం ఎత్తలేదు.

నేలవేము కోసిన రోజున ఒక రెమ్మ నమిలించింది.
ఆ పూట తాగిన టీ చేదు, తిన్న అన్నం చేదు,
ఎవరో పిలిస్తే నా పేరు కూడా చేదు.
"ఇంకోలికి పోసీముందు నీ నాలిక్కి తెలియాల."
ఎండలో పరవబోతే కసిరింది.
రంగు పోతుంది, గుణం పోతుంది. నీడన, గాలికి.
మా ఇంట్లో నీడా గాలీ కలిసుండే చోటు
రాట్నం పైనున్న దండెమొకటే.
ఇప్పుడక్కడ చిలపల పక్కన ఆకుకట్టలు.
ఏది ముందు ఆరుతుందో వేళ్లే చెబుతాయి.

మళ్లీ రోహిణి. దాలమ్మ కంట్లో పొర దిగింది.
కట్ట మీద పుల్ల విరిచి అందిస్తుంది, పేరు నేను చెప్పాలి.
నాలుగు చెప్పాను.
ఐదోది ఎంతకీ అందలేదు.
తెలియదన్నాను.
"నాకూ తెల్దే" అంది.
ఆ పుల్లని ఇద్దరం మార్చి మార్చి
చాలాసేపు వాసన చూశాం.