ఆగినకాడ

పండ్ల దవాఖాన్ల, కుర్చీలకు ఎదురుంగ
ఒక సముద్రం ఉన్నది.
నాలుగు ఫీట్ల సముద్రం.
నల్లగొండ రామగిరిల, మందుల దుకానం మీద, రెండో అంతస్తుల.

నేను చీపురు పట్టనీకి వచ్చినదాన్ని.
మొదటి నెలంత దానికి ఎడంగ జరిగి ఊడ్సేది,
తడిబట్ట అద్దానికి తాకనియ్యకపోదు,
లోపటి చేపకు సర్ది అయితదేమోనని.

పట్నం నుంచి వచ్చి కడిగిపొయ్యే పిలగాడు
బిల్లు పెంచిండు, రాకడ తగ్గించిండు.
ఇసుక మీద ఎర్రటి జిగురు పాకింది.
రెండు మోటర్లు రాత్రింబగళ్లు ఊదుతనే ఉన్నయి.
"ఇంత ఊపు పెట్టినా చెత్త ఎట్ల పేరుకుంటది?"
డాక్టరమ్మ నన్నడగలే, తనకు తానే అనుకున్నది.
నేనే నోరాగక చెప్పిన:
ఫ్యాను తిరిగే ఇంట్లనే అమ్మా
తలుపెనుక వెంట్రుకలు ఉండలు చుట్టేది.

చిటికెడు మేత అడిగి తీసుకున్న. ఇడిసిన.
అది పొయ్యే తొవ్వ చూసుకుంట నిలబడ్డ.
ఎడమ మోటరు కాడ లేసింది, అద్దానికి తగిలింది,
పెద్ద రాయెక్కింది, దిగింది,
బీరువకూ గోడకూ నడిమి సందు అసొంటి సందుల
తిరిగి తిరిగి అలిసి
కూసున్నది.
దాని మీద ఇంకోటి కూసున్నది.

మోటర్లు ఎదురుబొదురు పెట్టిండ్రు.
ఇద్దరు ఒక్కతీర్గ ఒర్రితే
నడుమ మాట సచ్చిపోతది గద.
ఒకదాన్ని మూలకు మలిపినం.
ఒకటి ఊదినప్పుడు ఒకటి ఊకుండాలె అన్న.
మరీ గట్టిగ పెట్టిన దినం ఇసుక లేసి గుంత పడ్డది,
వేళ్లోలె ఊగే పగడం ముడుసుకొని
మూడు దినాలు అలిగింది.

ఇప్పుడు శనివారం శనివారం నాదే పని.
సూది లేని పెద్ద సిరంజితోని రాళ్ల సందులల్ల ఊదుత,
పొగలెక్క లేస్తది, సముద్రమంత మబ్బయితది.
మేజోడు అసొంటి సంచి దాన్ని పట్టుకుంటది,
సంచి పిండుత, ఆరేస్త.
మోటర్లను వెనిగర్ల నానబెట్టి
సాంపిలు బ్రష్షులతోని తోముత.
ఈడ బ్రష్షులకు కొదువ లేదు.

అది పువ్వు కాదంట. పానమున్నదంట.
నీళ్లల్ల సున్నం ఏరుకొని ఎముక కట్టుకుంటదంట.
బోరు నీళ్లు దానికి పడయి,
నాలుగు గొట్టాలల్ల వడగట్టి, ఉప్పు తూకమేసి పోస్తం.
మర్రిగూడ దిక్కు మా నాయినకు వడగట్టెటోళ్లు లేకుండె.
ఆయనకు గూడ నీళ్లే కట్టినయి ఎముక.
కట్టినయి, కట్టినయి,
మెడ మలగకుంట, మోకాలు సాగకుంట
కట్టుడు ఆపలే.
నా పండ్ల మీది గీతలు ఫ్రీగ కప్పుత అన్నది డాక్టరమ్మ.
చూద్దాం తియ్యమ్మా అన్న.

మొన్న పొద్దుమీకి కరెంటు పోయింది.
ఇన్వర్టరు ఒకసారి కుయ్యిమని అదీ పోయింది.
నీళ్లు ఆగినంక గాని తెల్వలే
నీళ్లల్ల ఎంతున్నదో.
మెల్లెగ, చప్పుడు లేకుంట,
అన్ని దిక్కుల నుంచి దిగుడు వెట్టింది,
పగడం మీద, చేప వీపు మీద.
ప్లాస్టిక్ జగ్గు తీసుకొని
ముంచుడు, పైకెల్లి పోసుడు.
ముంచుడు, పోసుడు.
దవడ వాసిన ఒక పోరడు లెక్కబెట్టవట్టిండు
సెల్లు లైటు పట్టుకొని,
మూడొందల నలభై దాంక వచ్చి తప్పిండు,
మల్ల ఒకటి నుంచి అన్నడు.
నవ్వొచ్చింది. చేతులు రెండూ నీళ్లల్లనే ఉండె,
నోటికి అడ్డం పెట్టుకోనీకి లేకపాయె.

కరెంటు వచ్చింది. మోటరు దగ్గింది, తిరిగింది.
అందరు ఫ్యాను దిక్కు చూసిండ్రు.
నేను రాయెనుక చూసిన.

కొంచెం ఉన్నది.
రేపు శనివారం.