రాగి చేతులు

గిరింపేటలో నా కొట్టు షట్టరు సగం దిగినాక
తడి టవల్లో చుట్టుకోని తెచ్చింది మునిలక్ష్మి,
పళ్లాసుపత్రిలో చీటీలు రాసే పిల్ల.
“చెంగన్నా, తిరగడంల్యా.”
అరచేతిలో పట్టేంత మోటారు.
వెయ్యడుగుల బోర్లలోంచి లాగిన మోటార్లకు
చుట్లు చుట్టే నాకు
అది నెలలు నిండని బిడ్డ.

అంచులెంబడి తెల్లగా ఉప్పు పూసింది.
నీళ్లు మా బోరువేనంట. వడగట్టి,
మద్రాసు నుంచి వచ్చే పొట్లం ఉప్పు కలిపి
కొలత పెట్టి చేసిన సముద్రం.
దాంట్లో నారింజరంగు చేపలు రెండు,
ఒక రొయ్య,
పువ్వో పురుగో తెలీని మెత్తనిది ఒకటి.
పన్నునొప్పికి ఏడ్చే పిలకాయలు
దాన్ని చూస్తా నోరు తెరుస్తారంట.

ప్లగ్గు పెట్టినా. తిరగలే.
చెవికి ఆనించుకుంటే మాత్రం
లోపల సన్నగా గొణుగుడు.
గొణిగిందంటే కాయిలు బతికుండాది.
కాలిన వాసనా లేదు.
తిరగాల్సిందాన్ని ఏదో పట్టుకోనుంది.

మూత తిప్పబోతే చెయ్యి పట్టి ఆపేసింది.
“రాగి తగలకూడదన్నా. రవ్వంత కలిసినా
రొయ్య పోతుంది, ఆ పువ్వూ పోతుంది.”

ముప్పయ్యేండ్లుగా నేను తినేదే రాగి.
గోళ్ల సందుల్లో రాగి, చొక్కా మడతల్లో రాగి,
ఒంటికి చలువని మా అవ్వ తొడిగిన ఉంగరం రాగి.
అది ఊడి రాలే.
సబ్బు నురగ పోసి తిప్పి తిప్పి తీసి
గోడమేకుకు తగిలించినా.
మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నా
మంత్రసాని మాదిరి.

లోపల సున్నం గడ్డ.
నూడుల్స్ బండి నుంచి అరగ్లాసు వెనిగర్ తెప్పించి నానేస్తే
బుస్సుమని పొంగి కరిగింది.
అది కరిగినాక కనపడింది అసలు జబ్బు:
అగ్గిపుల్లంత తెల్ల ఇరుసు,
నడిమికి రెండు ముక్కలు.
స్టీలు పుల్ల కోసి వేస్తానంటే
తుప్పు పడుతుందంది.
ఇత్తడి అనబోయి నోరు మూసుకున్నా.

నీళ్లు కదలకుంటే చేపలు తెల్లారేదాకా ఆగవు.
అందుకే టీ కొట్టు వేలాయుధాన్ని
తొట్టి కాడ నిలబెట్టి వచ్చిందంట,
చేతిలోని ఇత్తడి చెంబు లాక్కోని
రెండు ప్లాస్టిక్ మగ్గులిచ్చి.
మేం పోయేసరికి
తలెత్తు నుంచి సన్నటి దారగా
సముద్రాన్ని తిరగబోస్తా ఉన్నాడు
ఎవరికో కాక తగ్గించి ఇచ్చేటట్టు.
“చక్కెర ఎంత?” అన్నాడు నన్ను చూసి.
ఎవురమూ నవ్వలే.

డాక్టరమ్మ నస్రీన్ నిద్రమొగంతో మేడ దిగింది.
ముక్కలు రెండూ పళ్ల కుర్చీ లైటు కింద పెట్టి
“పన్ను విరిగితే ఏం చేస్తాం” అనింది, తనలో తనే.
చుక్క సిమెంటు.
ఇరవై లెక్కపెట్టేంత సేపు నీలం లైటు.
“ఎంగిలి నీళ్లలో నిలిచేది ఉప్పునీళ్లలో నిలవదా?”
నిలుస్తుందా అని నేనడిగినా.
తెలీదనింది.

ఒంటిగంటకు తిరిగింది.
టిక్కు టిక్కు మని కుంటి నడక, అయినా నడకే.
ఆ మెత్తటిది విచ్చుకునేదాకా
ఎవురూ బెంచీల మీద నుంచి లేవలే.
ఒక చేప పైకొచ్చింది.
రెండోది అడుగునే పండుకోనుంది,
తెల్లారినా లేవలే.
మునిలక్ష్మి దాన్ని చీటీ కాగితంలో చుట్టింది,
పేరు రాసే గీత ఖాళీగానే ఉంది.
వేలాయుధం ఆ పొద్దు టీ కొట్టు తెరవలే,
భుజం పైకి లేవక.

కొత్త మోటారు శనివారం బస్సులో వచ్చింది.
పాతది నా కొట్లో వేలాడతా ఉంది.
ఎవరన్నా అడిగితే
పన్ను కట్టించుకున్న మోటారంటాను.
పక్క మేకు ఉంగరానిది.
ఇంకా తొడుక్కోలే.
వేలి మీద దాని తెల్లటి చుట్టు
ఎండకు నల్లబడతా ఉండాది, నిదానంగా.