పేగులు కడిగే శనివారం

కాలిమ్నోస్ దీవిలో
ఈస్టర్ ముందటి శనివారం.
పెరటి గచ్చు మీద పీట వేసుకుని
జంబేతా గొర్రెపిల్ల పేగులు తిరగేస్తోంది.
అల్లిక సూది మొనకి ఒక కొస తగిలించి
చొక్కా చెయ్యి తిరగేసినట్టు
లోపలిది బయటికి, బయటిది లోపలికి.
ఉప్పు, నిమ్మచెక్క, నీళ్ళు. మళ్ళీ ఉప్పు.

"ఇంతకీ నువ్వు చదివేదేమిటి?" అంది.
థెస్సలొనీకిలో మూడేళ్ళుగా
ఒక్క మాట మీద కూర్చున్నవాణ్ణి,
సిగ్గుపడుతూ చెప్పాను: "స్ప్లాంఖ్నా."
చేతిలోని ముద్దని చూసింది, నన్ను చూసింది.
"స్ప్లాఖ్నానా!
కసాయి కొట్లో అడిగితే
కిలో ఎంతో కూడా చెప్పేవాడు కదా."

రెండు వేల ఏళ్ళలో ఆ మాటలోంచి
ఒక ముక్కు శబ్దం జారిపోయింది, అంతే.
వాసన అలాగే ఉంది.

పాఠం అప్పగించినట్టు చెప్పాను ఆమెకి:
నాయీను ఊరి వాకిట పాడె ఎదురైనప్పుడు
ప్రభువుకి కదిలినవి ఇవే.
దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి
సమరయుడికి కదిలినవి ఇవే.
అల్లంత దూరాన కొడుకు నడక ఆనవాలు పట్టిన
తండ్రిని ముసలికాళ్ళతో పరిగెత్తించినవీ ఇవే.
తర్వాతివాళ్ళు కనికరం అని రాసుకుని
శుభ్రంగా చేతులు కడుక్కున్నారు.
ఆ క్రియకి కర్త ఉన్నాడే గాని
పని అతనిది కాదు.
ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు
జాలి వేస్తుంది.

"మరి యూదా?" అంది, తలెత్తకుండా.
ఉలిక్కిపడ్డాను.
పొలంలో తలకిందులుగా పడి
నడిమికి బద్దలైనప్పుడు
వాడిలోంచి బయటపడ్డవీ ఇవే, ఇదే మాట.
నా పరిశోధనలో పేజీ అడుగున
చిన్న అక్షరాల్లో దాచిన సంగతి.
"వాడికీ ఉన్నాయన్నమాట," అంది,
ఇంకో పేగు అందుకుంటూ.

అర్ధరాత్రి గంటలు మోగాయి.
కొండ మీద కుర్రాళ్ళు మందుగుండు పేల్చారు.
గుడి నుంచి కాపాడుకు తెచ్చిన మంటతో
గుమ్మం పైన మసి సిలువ గీసి
జంబేతా వెనక్కి తిరిగేసరికి
మెట్టు కింద స్కేవోస్,
గాలికి ఆరిన కొవ్వొత్తితో.

పదకొండేళ్ళ కిందట
స్పాంజీల పడవ మీద తాడు పట్టుకున్నవాడు.
అడుగునించి మికేస్, ఆమె కొడుకు,
మూడుసార్లు లాగాడు.
ఇతను నాలుగోసారి కోసం ఆగాడు.

అప్పట్నించీ ఒకే వీధిలో ఉంటూ
ఆమె అతని మొహం చూడలేదు.
ఇప్పుడూ చూడలేదు.
చూసింది బెల్టుని.
మేకుతో పొడిచిన కొత్త కన్నం,
దాని పక్కన ఇంకా కొత్తది,
మిగిలిన తోలు తోకలా వేలాడుతూ.

ఆమె చెయ్యి పొట్ట మీదికి పోయింది.
ఎవరో లోపల సూది గుచ్చి
తిరగేస్తున్నట్టు వంగిపోయి,
"కూర్చో," అంది,
కుక్కని అదిలించినట్టు.

మయిరీత్స పులుసు గిన్నె
అతని ముందు టక్కున పెట్టి
నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.
"క్షమించానని రాసుకునేవు.
నేనింకా ఏమీ చెయ్యలేదు."
గోడకి ఆనుకుంది. ఊపిరి కుదురుకోవడానికి
చాలాసేపు పట్టింది.

బయట చెంచా చప్పుడు ఆగింది.
"ఉప్పు తగ్గింది, జంబేతా."

పొద్దుణ్ణించీ ఉప్పులో నానిన చేతులతో
ఆమె డబ్బా వెతకసాగింది.