వెయ్యి విసుర్లకు లెక్క

ఒరొఫీనోలో అక్టోబరు.
కవర్లో రెండు వందల పన్నెండు డాలర్లు,
వేసవి బడికి బస్సు నడిపితే మిగిలినవి.
లైసెన్సు డబ్బు వేరే డబ్బాలో ఉంది.
లెక్క నాకు తెలుసు, నది తెలియదు.

ఆర్డిస్ కొట్టు తలుపు మూలిగింది.
"ఏ చేపకి?" అంది తలెత్తకుండా,
కోడిపుంజు మెడ ఈకను కొక్కేనికి చుడుతూ.
"స్టీల్‌హెడ్‌కి" అన్నాను,
పెద్దింటివాళ్ళ పేరు వాడుకున్నట్టు
కొంచెం సిగ్గుగా.

ఉక్కుతల.
సముద్రం చూసొచ్చిన ట్రౌటు.
ఎనిమిది ఆనకట్టలెక్కి
తిండి మీద ధ్యాస మానేసి
ఈ క్లియర్‌వాటర్ తేటనీళ్ళలోకి వస్తుంది.
ఆకలి లేనిదానికి
ఈక చూపించి ఈగని నమ్మించాలి.
దానికెంతవుతుంది?

గోడమీద తొమ్మిది వందల కర్ర మెరిసింది.
నా చెయ్యి నన్నడక్కుండానే అటు పోయింది.
"అది పళ్ళ డాక్టర్లకి" అంది ఆర్డిస్,
"చేప ధర చీటీ చదవదు."

మూల పీపాలోంచి ఇంకోటి లాగింది.
పదడుగులు, ఎనిమిదో నంబరు.
నాలుగు ముక్కల్లో మూడోది వేరే రంగు,
బెరడు పిడిమీద ఎవరి కుక్కదో పళ్ళగాటు.
అరవై ఐదు.
ఊపితే సీలింగు ఫ్యాను తృటిలో తప్పించుకుంది.
"మెత్తగా ఉందేం?"
"ఉండనీ. బిరుసుది నీ తప్పు వెంటనే చెప్పేస్తుంది,
ఇది కాస్త ఆగి చెబుతుంది."

రీలు ముప్పై. ఒళ్ళంతా గీతలు,
బ్రేకు బిగిస్తే పాత కుట్టుమిషన్‌లా గురగురమంది.
లైను మాత్రం కొత్తది, అరవై.
"పాతది లేదా?"
"ఉంది, అమ్మను. పిసినారితనానికి ఇది చోటు కాదు.
నువ్వు విసిరేది కర్రని కాదు."
నోరు మూసుకుని నోట్లు లెక్కపెట్టాను.

పన్నెండు పౌండ్ల దారపుండ ఏడు.
ఈగలు నాలుగు, పది డాలర్లు:
రెండు నలుపు, ఒకటి ఊదా,
ఒకటి తను పాడుచేసుకున్న నారింజ.
పట్టకారుతో ఒక్కోదాని ముల్లు నొక్కేసింది.
వదిలెయ్యడం కూడా
కొనేటప్పుడే కొనుక్కోవాలట.

మోకాలికి అతుకేసిన వేడర్లు ముప్పై ఐదు.
పిండికొద్దీ రొట్టె, పిండి అయిపోవచ్చింది.
"ఐదు మిగిలాయా? అయితే
చర్చి పాతసామాన్ల కొట్లో
జంట పోయిన స్కీ కర్ర ఒకటుంది, చూడు.
మూడు డాలర్లు."
మంచులేని నదికి మంచుకర్ర ఎందుకని
అడగబోయి ఊరుకున్నాను.

మర్నాడు పిల్లల్ని బడిలో దింపి
తొమ్మిదింటికి వంతెన కింద దిగాను.
దిగితేగాని లోతు తెలియదంటారు,
లోతు సరే, అడుగున రాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు:
నూనె రాసిన బోడిగుండ్లు, వరసగా, నున్నగా.
ఏడో అడుగులో జారాను.
బోడిగుండుకీ మోకాలికీ
నిజంగానే ముడిపడింది.
నడుంలోతు నీళ్ళలో నన్ను నిలబెట్టింది
తొమ్మిది వందల కర్ర కాదు,
అరవై ఐదుది కూడా కాదు,
మూడు డాలర్ల ఒంటరిది.

తర్వాత విసిరాను.
ఇది వెయ్యి విసుర్ల చేపట.
రెండు వందల పది భాగించు వెయ్యి,
విసురుకి ఇరవై ఒక్క సెంట్లు.
వెనక పొదలో పడినవీ
నా టోపీకే తగులుకున్నవీ
అదే ధర.

నూట నలభై మూడోది
ఊదా ఈగ, ఏటవాలు నీళ్ళ చివర
ఆగింది.
రాయేమో అనుకున్నాను.
రాయి అయితే తల విదిలించదు.
రీలు ఒక్కసారి కుట్టుమిషన్ మాట మాట్లాడింది,
రెండు కుట్లు, అంతే.
లైను తేలికైపోయింది.
నా చేతులు మాత్రం
చాలాసేపు బరువుగానే ఉండిపోయాయి.

రెండున్నరకి మళ్ళీ బస్సు.
ఎడమ మేజోడు క్లచ్చుమీద పిచపిచమంది.
"తడిసిపోయావేంటి?" అంది మెట్లమీద బ్రెనా,
రెండో తరగతి, ముందుపళ్ళు లేవు.
"అతుకు కారింది."
"చేప పడిందా?"
అద్దంలో నది కాసేపు మా వెంటే వచ్చింది.
ఎనిమిది వందల యాభై ఏడు బాకీ.
అతుకు బంక ఆరు డాలర్లు,
వచ్చే శుక్రవారం జీతంలో.