నోరూరాలి

మంగోచీ జిల్లా ఆసుపత్రి. కరెంటు పోయి మూడో రోజు.
రక్తం పరీక్ష యంత్రం గుడ్డ కప్పుకుని పడుకుంది.
"ఈ పట్టీ మీద కాస్త ఉమ్మెయ్."

అసియాతు నోట్లో తడి లేదు.
రోజుకి రెండు గ్లాసుల నీళ్లేనన్నది వీళ్లే కదా.
నాలుక మీద పాత తాళంచెవి రుచి.

"పుల్లనిదేదైనా తలుచుకో," అంది నర్సు లొంజెజో.
తలుచుకుంది:
సరస్సు ఒడ్డున ఉప్పద్దిన పచ్చిమామిడి.
వద్దన్న ఉప్పే, వద్దన్న మామిడే.
దవడల కింద ఎక్కడో చిన్న ఊట.

సూదులు మరిగిన చేతులు రెండూ
ఒళ్లో ఊరికే కూర్చున్నాయి, సెలవు దొరికిన పిల్లల్లా.

పట్టీ పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగింది.
రంగుల కాగితం పక్కన పెట్టి
లొంజెజో ఏమీ అనకుండా చూస్తోంది.

అసియాతు ఇంకా మామిడి నములుతూనే ఉంది.