పుల్లల లెక్క

బిల్బావో పాత వీధిలో
గర్బిన్యె బారులో బిల్లు రాయరు,
పళ్లెంలో మిగిలిన పుల్లలు లెక్కపెడతారు.

ఆలివ్ కాయ, పచ్చిమిర్చి, ఉప్పుచేప ముక్క,
మూడింటినీ ఒక్క పుల్లే పొడిచి పట్టుకుంటుంది.
నోట్లో వేసుకుంటే
ముందు సముద్రం, ఆ వెనక మంట.

కోల్డో శుక్రవారం శుక్రవారం వచ్చేవాడు.
నిలబడే తినేవాడు.
ఒక పుల్ల మాత్రం
కోటు జేబులోకి జారేది.

పందొమ్మిదేళ్లకు,
మోకాళ్లు మొరాయించాక,
బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు.
బొలబొలా పుల్లలు.
"బాకీ," అన్నాడు తల దించుకుని.

గర్బిన్యె గ్లాసు తుడవడం ఆపలేదు.
"బాకీ ఏమిటయ్యా,
రెండో వారం నుంచీ
నీ లెక్కలో ఒకటి కలిపే చెబుతున్నా.
ఇదిగో, వేడిగా ఉంది, తిను.
పుల్ల నా చేతికియ్యి."